అపోహలు - వాస్తవాలు: “బరువులు మాత్రం వద్దండీ”

“సన్నబడాలండీ. బరువులు మాత్రం వద్దు.”

విజయవాడలో ఆడవాళ్ళచేత బరువులెత్తించడం నా పని. పదకొండేళ్ళయింది. ఈ మాట వినని వారం లేదు. పోయిన నెల ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. డిగ్రీ అయిపోయిందట, సంబంధాలు చూస్తున్నారట. “నడుం తగ్గాలి మేడమ్, చేతులు మాత్రం లావెక్కకూడదు. రేపు పెళ్ళిచూపులకి ఎవరన్నా వస్తే బావుండదు కదా” అన్నారు. ఆ పిల్ల నేలచూపులు చూస్తోంది. ఫారం నింపడానికి కూర్చోబోతూ ఆవిడ, కుర్చీకి అడ్డంగా ఉన్న 20 లీటర్ల వాటర్ క్యాన్‌ని ఒంటిచేత్తో లేపి పక్కన పెట్టారు. మాట ఆగలేదు, ఆయాసం రాలేదు. కూతురికి మొదటిరోజు నేను ఇవ్వబోయింది 5 కిలోల డంబెల్.

ఆ సంగతే చెప్పాను. నవ్వేసి, “అది ఇంటి పని కదండీ” అన్నారు.

నిండు గ్యాస్ బండ 30 కిలోలకి అటూ ఇటూ తూగుతుంది. అందులో గ్యాసే 14.2 కిలోలు. బియ్యం బస్తా 25. మా అమ్మమ్మ నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకుని చెరువుగట్టు దిగేది. ఆవిణ్ణి ఎవరూ మగరాయుడు అనలేదు. అదే బరువు ఇనపకడ్డీకి తగిలించి ఎదురుగా అద్దం పెడితే మాత్రం ఆడతనం పోతుందని భయం!

అపోహ: బరువులెత్తితే కండలు తిరిగి మగాళ్ళలా అయిపోతారు.

వాస్తవం: కండ అంత తేలిగ్గా రాదు తల్లీ. కండ పెంచడంలో ముఖ్యమైన టెస్టోస్టిరాన్ మగవాళ్ళలో మనకంటే పదిరెట్లకు పైగా ఉంటుంది. వాళ్ళే ఏళ్ళతరబడి జిమ్‌లో పడి దొర్లినా సగంమందికి చొక్కా చేతులు బిగుసుకోవు. మొదటి రెండు నెలల్లో మీ బలం పెరిగినట్టు తెలుస్తుంది, కానీ అదంతా కండ కాదు. ఉన్న కండని వాడుకోవడం నరాలు నేర్చుకోవడమే ఎక్కువ. నాకు భుజం మీద ఒక గీత కనబడటానికి నాలుగేళ్ళు పట్టింది. అదీ రోజూ గుడ్లు లెక్కపెట్టుకుని తింటే.

మన శ్రీకాకుళం జిల్లా వూసవానిపేట నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి సంగతే చూడండి. 1994, 1995లలో 54 కిలోల విభాగంలో (అది ఎత్తే బరువు కాదు, ఒంటి బరువు) ప్రపంచ విజేత. 2000లో, ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్‌ని ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టిన సిడ్నీలో, 69 కిలోల విభాగంలో దిగింది. స్నాచ్‌లో (ఒకే ఊపున తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి) 130, మొత్తం 240 కిలోలు. మన దేశానికి ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి ఆడపిల్ల. (చివరి ప్రయత్నంలో 137.5 నిలబడి ఉంటే ఆ కంచు బంగారమయ్యేది. ఇప్పటికీ తలుచుకుంటే నా చేతులు పిడికిళ్ళవుతాయి.) 54 నుంచి 69 విభాగానికి రావడానికి, బరువులెత్తడమే బతుకుగా పెట్టుకున్న మనిషికే ఏళ్ళు పట్టింది. వారానికి మూడు రోజులు, మధ్యలో శ్రావణమాసం పేరంటాలకి సెలవు పెట్టి వచ్చేవాళ్ళకి మూడు నెలల్లో ఎక్కణ్ణుంచి వస్తాయి కండలు? ఇక మణిపూర్ లిఫ్టర్ మీరాబాయి చాను టోక్యో ఒలింపిక్స్‌లో వెండి తెచ్చినప్పుడు ఆడింది 49 కిలోల విభాగం. తలపైకెత్తింది 115. నా దగ్గరికొచ్చి “లావైపోతానేమో” అనేవాళ్ళలో చాలామంది ఆవిడకంటే బరువే.

ఫోన్‌లో చూపించే ఆ నరాలు తేలిన ఫొటోలంటారా? పోటీ కోసం నెలలు నోరు కట్టుకుని, రంగు పూసుకుని, స్టేజి మీద ఊపిరి బిగబట్టిన ఆ పూట తీసినవి. కొందరి విషయంలో మందులూ ఉంటాయి. డంబెల్ తీసుకోగానే అలా అయిపోరు.

ఈ అపోహ వల్ల నష్టం ఎక్కడ జరుగుతుందంటే, బరువులకి భయపడ్డ ఆడపిల్ల ఇంట్లో ఖాళీగా కూర్చోదు. రాత్రి అన్నం మానేస్తుంది, రెండు చపాతీలు, కాస్త పెరుగు. పొద్దున గంట ట్రెడ్‌మిల్. కాటా మీద ఆరు కిలోలు తగ్గుతుంది, ఇంట్లో అందరూ మెచ్చుకుంటారు. ఆ ఆరులో కండ ఎంత పోయిందో కాటా చెప్పదు. పెళ్ళవుతుంది, తిండి మామూలవుతుంది, కొవ్వు తిరిగొస్తుంది. పోయిన కండ మాత్రం దానంతటది పూర్తిగా రాదు. ఇలా రెండు మూడుసార్లయ్యాక, పిల్లలు పుట్టాక, నలభైల్లో నా దగ్గరికొచ్చి “కింద కూర్చుంటే లేవలేకపోతున్నానండీ” అంటారు. బహిష్టులు ఆగాక మొదటి కొన్నేళ్ళు ఎముక బాగా పలచబడుతుంది. దానిమీద బరువు పడితేనే ఎముక గట్టిపడాలన్న కబురు ఒంటికి అందుతుంది. నడక మంచిదే, కానీ అదొక్కటే చాలదు.

మా అత్తయ్య నాజూగ్గా ఉండేవారు. అరవై దాటినా పెళ్ళినాటి జాకెట్లే పట్టేవి, ఆ సంగతి గొప్పగా చెప్పుకునేవారు. ఒకరోజు బాత్‌రూంలో కాలు జారితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది. వాకర్ పట్టుకుని లేవాలంటే చేతుల్లో, తొడల్లో సత్తువేదీ? నేను పక్కన నిలబడి “కాళ్ళతో నొక్కండి, కాళ్ళతో” అంటున్నాను, రోజూ పాతికమందికి చెప్పే మాటే. “కాళ్ళలో ఏముందే నొక్కడానికి” అన్నారావిడ. ఆవిడ ఆ మంచం మీంచి పూర్తిగా లేవలేదు.

ఇక ఒక తప్పు ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళు ఈ తల్లులకి నేను చెప్పిన జవాబు ఒకటే: “భయపడకండి, మీ అమ్మాయి అలా అవ్వదు.” రెండేళ్ళ కిందట ఒకావిడకి ఇలాగే నచ్చజెబుతున్నాను. వెనక ర్యాక్ దగ్గర మా ఇంటర్ పిల్ల స్క్వాట్ (భుజాల మీద బార్ పెట్టుకుని గుంజీలా కూర్చుని లేవడం) సెట్ ముగించి అరచేతులకి సుద్దపొడి రాసుకుంటోంది. పవర్‌లిఫ్టింగ్ పోటీలకి వెళ్తుంది, భుజాలు గట్టివి, మెడ పక్కన కండ నిక్కి ఉంటుంది. ఆవిడ వెళ్ళాక మెల్లిగా అడిగింది: “అలా అంటే ఎలా అక్కా? నాలాగానా?”

నాకు నోరు పెగల్లేదు. నిజమే కదా. “లావవ్వరులెండి” అని ఓదార్చినప్పుడల్లా, అలా ఉండటం వికారమేనని నేనూ ఒప్పుకున్నట్టే. ఆ పిల్ల 100 కిలోల బార్ కిందకి దూరి, ఊపిరి పట్టి, తొడలు వణుకుతుండగా పైకి లేచే క్షణంలో ఆ మొహం చూడాలి. పెదవి పళ్ళకింద, చెంపలు ఎర్రగా. దాన్ని అందం అనడానికి నాకే ఇన్నేళ్ళు పట్టింది. ఇప్పుడైతే తల్లులకి వేరేగా చెబుతున్నాను: కొద్దిగా కండ వస్తుంది, రావాలనే కష్టపడతాం, వస్తే బావుంటుంది. కొందరు లేచి వెళ్ళిపోతారు, వెళ్ళనివ్వండి.

మిగతావి గబగబా.

బరువులెత్తితే గర్భసంచి జారుతుందా? ఎక్కువగా కాన్పులు, వయసు, ఏళ్ళతరబడి దగ్గు, మలబద్ధకం దానికి కారణాలు. ఇప్పటికే జారినట్టున్నా, తుమ్మితే మూత్రం పడుతున్నా ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, తర్వాత నా దగ్గరికి. దాచకండి, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. నెలసరిలో ఎత్తొచ్చా? ఎత్తొచ్చు. నొప్పిగా ఉంటే ప్లేట్లు తగ్గించండి, మరీ నొప్పైతే పడుకోండి. పొట్ట ఒక్కటే తగ్గించే వ్యాయామం? లేదు. ఉందన్నవాడు ఏదో అమ్ముతున్నాడు. ప్రొటీన్ డబ్బా కొనాలా? హైదరాబాద్ తార్నాకలోని మన జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) 2024 మార్గదర్శకాల్లో ఆ పొడులు వద్దనే చెప్పింది. గుడ్లు, పప్పు, పెరుగు, చేపలు, శనగలు. ముందు మీ కంచంలో పప్పు గరిటె పెద్దది చెయ్యండి, అందరూ తిన్నాక అడుగున మిగిలింది ఊడ్చుకోవడం మానండి.

ఆ తల్లీకూతుళ్ళ సంగతి అడుగుతారేమో. అమ్మాయి వస్తోంది, సోమ, బుధ, శుక్రవారాలు. మన జిమ్ముల్లో ఎక్కువగా ఉండేది 20 కిలోల బార్. ఆడవాళ్ళ కోసం 15 కిలోలది వేరే ఉంటుంది, కాస్త సన్నంగా, చేతికి పట్టేలా. మొన్న దాంతో డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ని పట్టుకుని నిటారుగా లేవడం) చేసింది. మూడోసారికి నడుం వంగకుండా లేపింది. తల్లి బల్ల మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తున్నారు.

చేతులు లావవుతాయా అన్నదానికి నిజాయితీగా ఒక లెక్క: ఏడాది బాగా చేస్తే జాకెట్టు చెయ్యి ఓ అరంగుళం బిగుసుకోవచ్చు. కుట్టేవాళ్ళకి ముందే చెప్పి లోపల మడత ఎక్కువ ఉంచమనండి.