పరగడుపు పరీక్ష చెప్పని సంగతి

ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటే, పరగడుపున అందులో కరిగి ఉండే గ్లూకోజ్ మొత్తం కలిపినా 5 గ్రాములకు మించదు. అంటే ఒక చిన్న చెంచాడు. ఒక పూట కడుపునిండా తిన్న భోజనంలోని పిండి పదార్థం జీర్ణమైతే అంతకు పది రెట్లకు పైగానే గ్లూకోజ్ పేగుల నుంచి రక్తంలోకి వచ్చి పడుతుంది. అయినా రెండు గంటల తర్వాత పరీక్షిస్తే రక్తంలో చక్కెర మామూలుగా డెసిలీటరుకు 140 మిల్లీగ్రాముల లోపే ఉంటుంది. క్లోమం విడుదల చేసే ఇన్సులిన్ ఆ గ్లూకోజ్‌ను ఎప్పటికప్పుడు కండరాలకు, కాలేయానికి, కొవ్వు కణాలకు చేరవేయడమే దీనికి కారణం.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. బరువు పెరగడం, ఒళ్లు కదలకపోవడం, వంశపారంపర్యం వంటి కారణాలతో కణాలు ఇన్సులిన్ మాట సరిగా వినకపోతే, క్లోమం మరింత ఇన్సులిన్ తయారుచేసి ఆ లోటు కప్పిపుచ్చుతుంది. ఇలా ఏళ్ల తరబడి సాగవచ్చు. ఆ కాలమంతా పరగడుపు పరీక్షలో అంకె 100 లోపే కనిపిస్తుంది. అది 100 నుంచి 125 మధ్యకు చేరి, వైద్యులు మధుమేహానికి ముందు దశ అని చెప్పేనాటికి, క్లోమం చాలాకాలంగా అదనపు భారం మోస్తూనే ఉండి ఉంటుంది. కాబట్టి చక్కెర ఎంత ఉందన్నది ఒక్కటే కాదు, దాన్ని అక్కడ నిలపడానికి ఎంత ఇన్సులిన్ ఖర్చవుతోందన్నదీ ముఖ్యమే.

దీన్ని చక్కగా పట్టి చూపిన ప్రయోగం ఒకటి 1977లో జరిగింది. పదిమంది ఆరోగ్యవంతులకు ఒకసారి ఆపిల్ పండ్లను, ఒకసారి వాటి గుజ్జును, ఇంకోసారి రసాన్ని ఇచ్చారు. ప్రతిసారీ పిండి పదార్థం 60 గ్రాములే. గ్లూకోజ్ మూడింటితోనూ ఇంచుమించు ఒకే ఎత్తుకు పెరిగింది. ఇన్సులిన్ మాత్రం పండు తిన్నప్పటికంటే గుజ్జు, రసం తీసుకున్నప్పుడు ఎక్కువగా పెరిగింది. రసం తాగాక గ్లూకోజ్ మొదటి స్థాయికంటే కిందికి దిగజారింది కూడా. పండులో చక్కెర పీచు గోడల మధ్య బందీగా ఉంటుంది. నమలాలి, సమయం పడుతుంది, కడుపూ నిండుతుంది. రసం అలా కాదు, గుక్కల్లో దిగిపోతుంది. పళ్లరసాన్ని ఆరోగ్యానికి మారుపేరుగా భావించే అలవాటు ఎందుకు ఇంత గట్టిగా పాతుకుపోయిందో గానీ, రక్తం దృష్టిలో అది తీపి పానీయానికి దగ్గరి చుట్టమే.

ఆహారం గ్లూకోజ్‌ను ఎంత త్వరగా పెంచుతుందో కొలిచే గ్లైసిమిక్ సూచికను 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం ప్రతిపాదించింది. ఉపయోగకరమే, కానీ దాన్నే పట్టుకుంటే పొరపాటు: పుచ్చకాయ సూచిక ఎక్కువ, అయితే అందులో అధికభాగం నీళ్లే కావడంతో ఒక ముక్కతో చేరే చక్కెర తక్కువ. పరిమాణమూ, వెంట ఏం తింటున్నామన్నదీ లెక్కే. కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిని, పిండి పదార్థం చివర తింటే అదే భోజనానికి చక్కెర తక్కువగా పెరుగుతుందని పరీక్షల్లో తేలింది.

చక్కెర దీర్ఘకాలం ఎక్కువగా ఉంటే అది ప్రొటీన్లకు అతుక్కుంటుంది. ఎర్ర రక్తకణాల్లో ఉండే ప్రొటీన్ హిమోగ్లోబిన్‌కు అతుక్కున్న భాగాన్ని కొలిచేదే హెచ్‌బీఏ1సీ పరీక్ష. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి అది గత రెండు మూడు నెలల సగటు చెబుతుంది. కంటి రెటీనాలోని, మూత్రపిండాలలోని సన్నని రక్తనాళాల కణాలకు గ్లూకోజ్‌ను వద్దనే వీలు లేదు, రక్తంలో ఎంత పెరిగితే అంతా లోపలికి చేరుతుంది. అందుకే దెబ్బ ముందు అక్కడ తగులుతుంది.

కండరాలకు మాత్రం ఒక అదనపు దారి ఉంది. అవి పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ పిలుపు లేకుండానే గ్లూకోజ్‌ను లోపలికి తీసుకుంటాయి. ఇన్సులిన్ మాట వినని కణాలలోనూ ఈ దారి తెరిచే ఉంటుంది గనుక, భోజనం చేశాక కాసేపు నడవడం చక్కెరను తగ్గిస్తుంది. ఇన్సులిన్ గానీ, దాన్ని ఎక్కువగా విడుదల చేయించే మాత్రలు గానీ వాడేవారు మాత్రం తిండిలోనో వ్యాయామంలోనో పెద్ద మార్పు చేసేముందు వైద్యుని అడగాలి. వారిలో చక్కెర 70 కంటే కిందికి పడిపోయే ప్రమాదం ఉంటుంది.