దూరం ఒక్కటే, సమయాలు రెండు: విమాన ప్రయాణంపై అపోహలు - వాస్తవాలు

విమానం బయలుదేరే ముందు దాని మార్గాన్ని, ఇంధనాన్ని, ప్రయాణ సమయాన్ని లెక్కగట్టి పైలట్‌కు అందించే ఫ్లయిట్ డిస్పాచర్‌గా హైదరాబాదులో పనిచేస్తున్నాను. దూరాన్ని వేగంతో భాగిస్తే సమయం తేలిపోతుందని నమ్మేవారు తరచుగా ఎదురవుతుంటారు కాబట్టి, నా పనిలో రోజూ చూసే విషయాలనే ఇక్కడ వివరిస్తున్నాను.

అపోహ: దుబాయ్ వెళ్లడానికి రెండున్నర గంటలు చాలు, తిరిగి రావడానికే ఐదు గంటలు పడుతుంది.

వాస్తవం: కొడుకును సాగనంపడానికి జగిత్యాల నుంచి వచ్చిన ఒక పెద్దాయన, నాలుగు మడతలు పెట్టిన టికెట్టు కాగితాన్ని విప్పి, అంకెల మీద వేలు పెట్టి మరీ ఈ మాట అడిగారు. ఉదయం 10:00కు షంషాబాద్‌లో బయలుదేరితే 12:20కి దుబాయ్. తిరుగు ప్రయాణంలో రాత్రి 10:00కు అక్కడ బయలుదేరితే తెల్లవారుజామున 3:00కు ఇక్కడ. టికెట్టు మీద ఏ ఊరి సమయం ఆ ఊరిదే వేస్తారు, దుబాయ్ గడియారమేమో మనకంటే గంటన్నర వెనుక ఉంటుంది. ఆ గంటన్నరను సరిచేస్తే వెళ్లడానికి 3 గంటల 50 నిమిషాలు, రావడానికి 3 గంటల 30 నిమిషాలు అవుతాయి. అంటే ఆయన అనుకున్నదానికి సరిగ్గా తలకిందులు.

రెండు వైపులా దూరం సుమారు 2,550 కిలోమీటర్లే. తేడా అంతా గాలిది. విమానాలు ఎగిరే ఎత్తులో, ముఖ్యంగా చలికాలంలో, గాలి పడమర నుంచి తూర్పుకు బలంగా వీస్తుంది. గంటకు 840 కిలోమీటర్ల వేగంతో సాగే విమానానికి 50 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే నేల మీద లెక్కకు 790 మాత్రమే మిగులుతుంది. అదే గాలి వెనుక నుంచి తోస్తే 890 అవుతుంది. ఈ దూరానికి ఇరవై నిమిషాల తేడా రావడానికి అంత గాలి చాలు.

అపోహ: భూమి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి పడమరకు వెళ్లే విమానం త్వరగా చేరుతుంది.

వాస్తవం: భూమితో పాటే వాతావరణమూ, అందులోని విమానమూ తిరుగుతాయి. పైన చెప్పిన దుబాయ్ లెక్కే ఇందుకు సమాధానం.

అపోహ: దూరం రెట్టింపైతే సమయమూ రెట్టింపవుతుంది.

వాస్తవం: షంషాబాద్ నుంచి గన్నవరం సుమారు 265 కిలోమీటర్లు, విశాఖ సుమారు 510. అయినా టికెట్టులో గన్నవరానికి దాదాపు గంట, విశాఖకు గంటా పావు కనిపిస్తుంది. విమానం గేటు నుంచి వెనక్కి కదిలినప్పటి నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేవరకూ ఉన్న సమయాన్నే టికెట్టులో చూపుతారు. విమానం రన్‌వే దాకా నేల మీద సాగడం, పైకెక్కడం, దిగడం దగ్గరి ఊరికైనా దూరపు ఊరికైనా తప్పవు. పైగా గన్నవరానికి ప్రొపెల్లర్లతో నడిచే ఏటీఆర్ విమానం వెళ్తే దాని వేగం గంటకు 500 కిలోమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది.

అపోహ: రెండు విమానాశ్రయాల మధ్య దూరం తెలిస్తే మార్గం కూడా తెలిసినట్టే.

వాస్తవం: గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూస్తే వచ్చే అతి తక్కువ దూరాన్నే పట్టికల్లో ఇస్తారు. విమానం మాత్రం అనుమతి ఉన్న గగనతలంలోనే వెళ్లాలి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమాన సంస్థలకు మూసివేసినప్పుడు, ఢిల్లీ నుంచి లండన్ వెళ్లే మన విమానాలు అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరగవలసి వచ్చింది. పట్టికలోని దూరం ఒక్క కిలోమీటరు కూడా మారకుండానే ప్రయాణ సమయమూ, మేము నింపించే ఇంధనమూ పెరిగాయి.