నల్లరేగడిలో చక్రం, ట్రాక్షన్ కంట్రోల్ మీట

వానలు పడ్డాక గుంటూరు నుంచి పెదనందిపాడు వైపు వెళ్ళి, తారు రోడ్డు దిగి పత్తి చేల మధ్య డొంకలోకి కారు తిప్పినవారికి నల్లరేగడి సంగతి వేరే చెప్పనక్కరలేదు. నిరుడు నా కారు అలాగే దిగబడింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజను శబ్దం పెరగలేదు. డాష్‌బోర్డు మీద, కారు బొమ్మ కింద వంకర గీతలున్న పసుపు దీపం మాత్రం మిణుకుమిణుకుమంటూ ఉంది. ఒక రైతు ట్రాక్టరు తెచ్చి మోకు కట్టి లాగితే తప్ప కారు బయటికి రాలేదు. ఇంజను చెడిందేమోనని నేను భయపడ్డాను గాని, దాని శక్తిని తగ్గించింది ట్రాక్షన్ కంట్రోల్.

టైరు రోడ్డును గట్టిగా పట్టుకోవాలంటే కొంచెం జారక తప్పదు. కారు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతుండగా చక్రం 24 కిలోమీటర్లకు సరిపడా తిరుగుతూ ఉంటే, జారుడు సుమారు 17 శాతం. తారు రోడ్డు మీద టైరు పట్టు దాదాపు 10 నుంచి 20 శాతం జారుడు దగ్గర గరిష్ఠంగా ఉంటుంది. అది దాటితే ముందుకు తోసే బలం తగ్గుతుంది; కారును మలుపులో నిలబెట్టే పక్క పట్టు ఇంకా వేగంగా పడిపోతుంది. చక్రాల వేగాన్ని కొలిచే సెన్సర్లు 1978లో, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బాష్ కంపెనీ ఏబీఎస్‌తో మెర్సిడెస్ బెంజ్ కార్లలోకి వచ్చాయి. ఆ కొలతల ఆధారంగానే ట్రాక్షన్ కంట్రోల్, చక్రం హద్దు మీరి తిరిగినప్పుడు ఇంజను శక్తిని తగ్గిస్తుంది, అవసరమైతే ఆ ఒక్క చక్రానికే బ్రేకు వేస్తుంది.

ఈ లెక్క గట్టి నేలకు సరిపోతుంది. తడిసిన నల్లరేగడి టైరు గాడుల్లో నిండి, టైరును నున్నగా చేస్తుంది. చక్రం కాస్త వేగంగా తిరిగితేనే ఆ మట్టి విసిరివేయబడి గాడులు మళ్ళీ తెరుచుకుంటాయి. కృష్ణ ఇసుకలోనూ, సూర్యలంక తీరంలోనూ ఇబ్బంది వేరు: టైరు తన ముందున్న ఇసుక గుట్టను నెడుతూ పోవాలి, ఆ అడ్డును దాటేంత బలం ఎడతెగకుండా అందాలి. సరిగ్గా అప్పుడే ఇంజను శక్తి తెగిపోతే కారు వేగం చచ్చి కూరుకుపోతుంది. నడిపే చక్రాలు రెండూ ఇలాంటి మెత్తని, లోతైన నేలలో ఉన్నప్పుడు మీట నొక్కి ట్రాక్షన్ కంట్రోల్‌ను ఆపడం న్యాయం.

ఒక్క చక్రమే బురదలో ఉండి, రెండోది గట్టి నేల మీద ఉంటే మాత్రం మీట జోలికి పోకూడదని నా గట్టి అభిప్రాయం. ఇంజను బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్ల అమరిక డిఫరెన్షియల్. సాధారణ డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానమైన తిప్పుడు బలాన్నే ఇస్తుంది. బురదలోని చక్రం ఏ ప్రతిఘటనా లేకుండా తిరుగుతుంటే, గట్టి నేల మీది చక్రానికీ ఆ కొద్దిపాటి బలమే దక్కుతుంది. జారే చక్రానికి బ్రేకు పడితే డిఫరెన్షియల్‌కు ప్రతిఘటన పెరిగి, రెండో చక్రానికీ ఎక్కువ బలం చేరుతుంది. మీట నొక్కేస్తే, చాలా కార్లలో ఈ సాయం పోతుంది.

విజయవాడ వీధుల్లో 2024 సెప్టెంబరు బుడమేరు వరద తీశాక సిమెంటు రోడ్ల మీద మిగిలిన పలుచని ఒండ్రును బురదే కదా అని పొలం బురదతో సమానంగా చూడకూడదు. దాని కింద గట్టి నేల ఉంది. చక్రాన్ని గిర్రున తిప్పితే కారు పక్కకు జారడమే మిగులుతుంది. రోడ్డు మీద ఆరబోసిన మొక్కజొన్న గింజలకూ, వానలో కోటప్పకొండ ఘాట్ రోడ్డుకూ ఇదే వర్తిస్తుంది.

మీట నొక్కాక కూడా పాదం నెమ్మదిగానే ఆడాలి. స్టీరింగ్ తిన్నగా ఉంచి, రెండో గేరులో కదిలించి చూడాలి. చక్రం కిందికి తవ్వుకుపోతుంటే వెంటనే ఆపాలి, ఎందుకంటే కారు అడుగు నేలకు ఆనిందంటే ఇక చక్రాల మీద బరువు పడదు, పట్టూ ఉండదు. కొన్ని కార్లలో మీటను కాసేపు నొక్కి పట్టుకుంటే, కారు పక్కకు తిరిగిపోకుండా కాపాడే స్టెబిలిటీ కంట్రోల్ కూడా ఆగిపోతుంది. దిగబడిన కారును తీయడానికి అంతదూరం పోనక్కరలేదు.

ఈ ఏడు అదే డొంకలో కారు మళ్ళీ ఆగింది. గట్టున పోగేసి ఉన్న నిరుటి పత్తి కట్టెను ముందు చక్రాల కింద పరిచి, మీట నొక్కి, రెండో గేరులో మెల్లగా కదిలించాను. మట్టి ఎగిరింది, కట్టె విరిగింది, కారు బయటపడింది. తారు రోడ్డు ఎక్కగానే మీట మళ్ళీ నొక్కి, పసుపు దీపం ఆరిందో లేదో చూసుకున్నాకే గుంటూరు వైపు తిరిగాను.