పంక్ అంటే వాయించడం రాకపోవడమా? వైర్ బ్యాండ్ మీద అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో పిల్లలకు గిటార్ నేర్పుతాను, పెళ్లిళ్ల సీజన్‌లో ఆర్కెస్ట్రాలో వాయిస్తాను. పంక్ రాక్ (1970లలో వచ్చిన, హంగులు లేని, వేగమైన పొట్టి పాటల రాక్ సంగీతం) గురించి కొంచెం తెలిసినవాళ్లు సెక్స్ పిస్టల్స్, క్లాష్ అని రెండు బ్యాండ్ల పేర్లు చెప్పి ఆగిపోతారు. అదే సమయంలో లండన్‌లో మొదలైన వైర్ పేరు ఎవరూ ఎత్తరు. నా క్లాసులో ఎక్కువ పనికొచ్చేది మాత్రం వాళ్ల పాటలే.

అపోహ: వాయించడం రానివాళ్లే పంక్ వాయిస్తారు.

వాస్తవం: వైర్‌లో మొదట ఐదుగురు ఉండేవాళ్లు. ఒక గిటారిస్టును పంపించేశాక అతని పాటలు, సోలోలు కూడా తీసేశారు. కోలిన్ న్యూమన్, బ్రూస్ గిల్బర్ట్, గ్రాహం లూయిస్, రాబర్ట్ గోటోబెడ్ మిగిలారు. 1977 చివర్లో వచ్చిన ‘పింక్ ఫ్లాగ్’లో 21 పాటలుంటే, మొత్తం ఆల్బమ్ 35 నిమిషాలే. అందులో ఒకటి 28 సెకన్లు. చెప్పాల్సిన మాటలు అయిపోతే పాట అయిపోయినట్టే. పల్లవి మళ్లీ వస్తుందని మనం చూస్తుంటాం, ఈలోపు తర్వాతి పాట మొదలవుతుంది.

ఇది సులువనుకుంటే మెట్రోనోమ్ (టక్ టక్‌మని తాళం చెప్పే పరికరం) పెట్టుకుని ఒకే పవర్ కార్డ్‌ను (రెండు స్వరాలే ఉండే గిటార్ కార్డ్) రెండు నిమిషాలు కిందికి మాత్రమే కొట్టి చూడండి, పైకి కొట్టొద్దు. కాసేపటికే మణికట్టు పట్టేస్తుంది, చేయి తెలియకుండానే పైకి కూడా కొట్టేస్తుంది. నలుగురూ ఒకే బీట్ మీద టక్కున ఆగడం ఇంకా కష్టం. ఏళ్ల తరబడి స్టేజీ ఎక్కిన మా ఆర్కెస్ట్రాలోనే ఎండింగ్ వచ్చేసరికి డ్రమ్మర్ ఇంకో రోల్ వేస్తాడు, కీబోర్డ్ అన్న కార్డ్ వదలడు. సోలో వచ్చినవాడు సోలో మానుకోవడం నేర్పించలేక నాకు తల ప్రాణం తోకకొస్తోంది.

అపోహ: పంక్‌లో కోపం, అరుపులు తప్ప ఏమీ ఉండవు.

వాస్తవం: 1978 నాటి రెండో ఆల్బమ్ ‘చైర్స్ మిస్సింగ్’లో ‘అవుట్‌డోర్ మైనర్’ అని మెత్తటి పాట ఒకటుంది. దేని గురించో తెలుసా? ఆకును లోపల్లోపల తొలుచుకుంటూ పోయే పురుగు గురించి! బత్తాయి తోటలున్న మన జిల్లా వాళ్లకు దీన్ని వివరించక్కర్లేదు. లేతాకు మీద వంకరటింకరగా తెల్లగీతలు పడి ఆకు ముడుచుకుపోతుంది చూడండి, ఆ కోవకు చెందినదే. పాట రెండు నిమిషాలు కూడా లేదు. సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా వేయడానికి కంపెనీ పొడిగించమంటే మధ్యలో పియానో కలిపారు. అయినా బ్రిటన్ చార్టులో 51 దగ్గరే ఆగిపోయింది. నాకైతే పొట్టిదే బాగుంటుంది.

అపోహ: సింథసైజర్ (ఎలక్ట్రానిక్ శబ్దాలు పుట్టించే వాయిద్యం) పట్టుకున్నారంటే డబ్బు కోసం మారిపోయినట్టే.

వాస్తవం: వాళ్లకొచ్చిన డబ్బెంతని! సింథసైజర్లు చేరిన రెండో ఆల్బమ్ బ్రిటన్ చార్టులో 48 దాకా, మూడోది ‘154’ 39 దాకా వెళ్లాయంతే. అప్పటికి ఇచ్చిన ప్రోగ్రాముల లెక్కనే 1979లో ఆ మూడోదానికి పేరుగా పెట్టారు. మరుసటి ఏడాదికే బ్యాండ్ ఆగిపోయింది. మార్పుకు వెల కూడా చెల్లించారు. 1985లో మళ్లీ కలిశాక మెషిన్ల వాడకం పెరిగేకొద్దీ డ్రమ్మర్ గోటోబెడ్‌కు పని తగ్గిపోయి 1990లో ఆయన బయటికొచ్చేశాడు. మిగతా ముగ్గురు ఇంగ్లిషులో Wire అనే పేరులో చివరి అక్షరం కొట్టేసి, Wir అని కొన్నాళ్లు నడిపారు. ఆ కాలపు రికార్డులు అన్నీ బాగుంటాయని నేననను, కొన్ని విసిగిస్తాయి.

అపోహ: జనం అడిగిన పాత పాట వాయించకపోతే పొగరు.

వాస్తవం: పెళ్లిలో ‘అన్నా, ఇంకోసారి’ అంటే మేం వాయించాల్సిందే, అది మా బతుకుదెరువు. వైర్ వాళ్లు 1987లో అమెరికా టూర్‌కి వెళ్లినప్పుడు పాతవి ముట్టుకోమన్నారు. అలాగని అడిగేవాళ్లను ఉత్త చేతులతోనూ పంపలేదు. ‘పింక్ ఫ్లాగ్’ పాటలు వాయించే ఎక్స్ లయన్ టేమర్స్ అనే వేరే బ్యాండ్‌ను తమకంటే ముందు స్టేజీ ఎక్కించారు. ఆ తర్వాత తాము వచ్చి కొత్త పాటలు వాయించారు. ఈ ఐడియా మా ఆర్కెస్ట్రా ఓనర్‌కు చెప్తే, ఆ రెండో బ్యాండ్‌కి డబ్బులెవరిస్తారని అడిగాడు.

అపోహ: పేరు రాలేదంటే ప్రభావం లేనట్టే.

వాస్తవం: మైనర్ థ్రెట్, ఆర్.ఇ.ఎమ్. అనే అమెరికా బ్యాండ్లు వైర్ పాటలను తిరిగి పాడి రికార్డు చేశాయి. ఎలాస్టికా అనే బ్రిటన్ బ్యాండ్ పాట ఒకటి వైర్ గిటార్ రిఫ్‌ను (పాటలో పదేపదే వచ్చే చిన్న గిటార్ ముక్క) పోలి ఉందని గొడవైతే, కోర్టు బయట రాజీ చేసుకున్నారు.

కొత్తగా వినేవాళ్లు ‘చైర్స్ మిస్సింగ్’తో మొదలుపెట్టండి. గిటార్ వాయించేవాళ్లయితే ‘పింక్ ఫ్లాగ్’ ముందు. అయితే షఫుల్ ఆపేసి వినండి, ఆ పాటలు వరుస తప్పితే సగం మజా పోతుంది.