మీటింగు నచ్చలేదా? ఏ మీటింగు?

మద్యం మానాలనుకునేవారికి కౌన్సెలింగ్ చేయడం నా వృత్తి. అలాంటివారంతా ఒకచోట కూడి ఒకరికొకరు తోడుగా నిలిచే మీటింగుల సంగతి ఎత్తగానే నేను తరచుగా వినే మాట ఒకటుంది: “ఒకసారి వెళ్లానండి, నాకు పడలేదు.” ఏ రకం మీటింగు, అక్కడ ఏం జరిగింది అని అడిగితే సగంమంది దగ్గర జవాబు ఉండదు.

అపోహ: ఒకటి చూస్తే అన్నీ చూసినట్లే

1935లో అమెరికాలోని ఆక్రన్‌లో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ కలిసి మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) అనే సంఘాన్నే తీసుకోండి. ఏఏలో ఏ గ్రూపు వ్యవహారం ఆ గ్రూపుదే. ఒకచోట ఒకరే లేచి తన కథంతా చెబుతారు. మరోచోట ఒక అంశం మీద వంతులవారీగా మాట్లాడతారు. ఇంకోచోట తాగుడు నుంచి బయటపడేందుకు ఏఏ సూచించే పన్నెండు మెట్లలో ఒకదాన్ని చదివి చర్చిస్తారు. కొత్తవారికీ స్త్రీలకూ విడిగా జరిగేవి ఉన్నాయి, ఆన్‌లైన్‌వీ ఉన్నాయి. ఓపెన్ మీటింగుకు ఎవరైనా రావచ్చు. క్లోజ్డ్ మీటింగు తాగుడు మానాలనుకునేవారికి మాత్రమే. ఈ తేడా తెలియక, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చిన అక్క గుమ్మం బయటే గంటసేపు కూర్చోవలసి వచ్చిన సందర్భం నాకు తెలుసు.

అందుకే కనీసం నాలుగైదు గ్రూపులు చూడమంటాను. ముందు వేళ చూసుకోండి: మీ చేయి సీసా వైపు వెళ్లే సమయానికే మీటింగు ఉంటే సగం పని అయినట్లే. సాయంత్రం తాగే మనిషికి ఉదయం మీటింగు మంచిదే, కానీ సాయంత్రం మళ్లీ ఒంటరే. తరవాత లోపలి వాతావరణం. కొత్త ముఖాన్ని ఎవరైనా పలకరించారా? మాట్లాడుతున్న మనిషిని ఆపి సలహాలు గుప్పిస్తున్నారా? ఒక్కరే పెత్తనం చేస్తున్నారా? ఏళ్ల తరబడి తాగకుండా ఉన్నవారితో పాటు నిన్నగాక మొన్న మానినవారూ ఉన్నారా? అప్పు అడిగేవారు, కొత్తగా వచ్చిన స్త్రీతో అతి చనువు తీసుకునేవారు తారసపడితే మొహమాటపడకండి, గ్రూపు మార్చండి. తాగుడు మానినంత మాత్రాన అందరూ మంచివాళ్లైపోరు. మార్గదర్శిగా ఉండే స్పాన్సర్‌ను స్త్రీలు స్త్రీలలో, పురుషులు పురుషులలో ఎంచుకోవాలన్న వాడుక ఉన్నది ఇలాంటి ఇబ్బందులు రాకూడదనే.

అపోహ: దేవుణ్ణి నమ్మనివారికి అక్కడ పని లేదు

ఏఏ మెట్లలో దేవుడి ప్రస్తావన ఉంది, దాచడమెందుకు? అయితే ఎవరికి అర్థమైన రీతిలో వారు తీసుకోవచ్చు. తోటి సభ్యుల తోడునే ఆ దేవుడి స్థానంలో భావించే నాస్తికులూ ఉన్నారు. అలా కూడా కుదరకపోతే వేరే దారులున్నాయి. స్మార్ట్ రికవరీ అనే సంఘం 1994లో మొదలైంది. అక్కడ ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకునే మెళకువలు నేర్చుకుంటారు, దేవుడి ఊసు ఉండదు. స్త్రీల కోసం జీన్ కిర్క్‌పాట్రిక్ 1975లో విమెన్ ఫర్ సొబ్రైటీని ప్రారంభించారు.

అపోహ: పూర్తిగా మానేశాకే వెళ్లాలి

ఏఏ సభ్యత్వానికి మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. కానీ ఈ అపోహ ప్రమాదకరం కావడానికి అసలు కారణం వేరు. రేపటి మీటింగుకు తాగకుండా వెళ్లాలని, ఏళ్లుగా రోజూ ఎక్కువగా తాగుతున్న మనిషి ఉన్నట్టుండి ఆపేస్తాడు. కొన్ని గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనిపించే స్థితి వస్తే ప్రాణానికే ముప్పు. దీన్ని ఏ మీటింగూ ఆపలేదు. ఇలాంటివారు ముందు డాక్టరును కలిసి, ఆయన పర్యవేక్షణలో మానాలి.

అపోహ: మీటింగుకు వెళ్తే మందులు ఆపాలి

మందు మానడానికి వాడే మందు గురించి చెబుతున్నాను. నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్ వంటివి డాక్టరు రాసిస్తే వాడుతూనే మీటింగుకు వెళ్లవచ్చు. ఆపమని ఏ సభ్యుడైనా చెబితే అది అతని సొంత అభిప్రాయం, ఏఏ మాట కాదు.

అపోహ: కబుర్లతో తాగుడు పోతుందా?

27 అధ్యయనాలను, పదివేలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూసిన సమీక్ష ఒకటి, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ నుంచి 2020లో వచ్చింది. నిపుణులు ఒక పద్ధతి ప్రకారం రోగులను ఏఏ వైపు నడిపించినప్పుడు, ఇతర చికిత్సల కంటే ఎక్కువమంది పూర్తిగా మద్యానికి దూరంగా ఉండగలిగారని అందులో తేలింది. మొక్కుబడిగా ఒక మూల కూర్చుని వచ్చేవారికి ఈ ఫలితం వర్తిస్తుందని మాత్రం నేను చెప్పను.

ఇక చిన్న భయాలు. ఇంటిపేరు చెప్పనక్కర లేదు. మాట్లాడే వంతు వస్తే “ఈరోజు వింటాను” అంటే చాలు. రుసుము లేదు, చందా పళ్లెం మీ ముందుకు వస్తే పక్కవారికి అందించండి. ఇంట్లోవాళ్లకు తమ బాధ చెప్పుకోవడానికి అల్-అనాన్ అనే సంఘం 1951 నుంచి ఉంది. తాగే మనిషి ఇంకా ఒప్పుకోకపోయినా వాళ్లు వెళ్లవచ్చు.

బయలుదేరే ముందు ఒకసారి ఫోను చేసి వేళ, చోటు కనుక్కోండి, అవి మారుతుంటాయి. పది నిమిషాలు ముందే చేరుకుని, కుర్చీలు సర్దుతున్న వ్యక్తితో “కొత్తగా వచ్చాను” అనండి.