అమెరికా పల్లెల్లో ‘పన్ను కట్టం’ ఉద్యమం: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో టాక్స్ రిటర్నులు దాఖలు చేయడం నా వృత్తి. ఏప్రిల్ 15 దగ్గరపడిందంటే, ‘ఆదాయపు పన్ను కట్టక్కర్లేదు’ అనే వీడియో ఎవరో ఒకరు నాకు పంపుతారు. హెచ్-1బీ మీద వచ్చిన మన పిల్లలూ అడుగుతున్నారు, అందుకే ఇది రాస్తున్నాను. ఆ మాటలు నమ్మి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు, తీసినవాళ్లు ఉన్నారు.

అపోహ: పన్ను స్వచ్ఛందం. జీతం ఆదాయం కిందకు రాదు.

వాస్తవం: స్వచ్ఛందం అంటే లెక్క మనమే వేసి మనమే దాఖలు చేస్తాం అని, అంతే. ఆదాయపు పన్ను వేసే అధికారమిచ్చిన 1913 నాటి 16వ రాజ్యాంగ సవరణ చెల్లదన్న వాదనను కోర్టులు ప్రతిసారీ కొట్టేశాయి. ఇలాంటి వాదనలతో రిటర్ను వేస్తే ఒక్కోదానికి 5,000 డాలర్ల జరిమానా.

అపోహ: మనస్ఫూర్తిగా నమ్మితే శిక్ష పడదు. చీక్ కేసు అదే చెప్పింది.

వాస్తవం: సగమే నిజం. చట్టం నిజంగా అర్థంకాక తప్పు చేస్తే అది ఉద్దేశపూర్వకం కాదని 1991లో సుప్రీంకోర్టు అంది. చట్టం తెలిసీ ‘అది రాజ్యాంగ విరుద్ధం’ అంటే మాత్రం కుదరదంది. పన్ను కట్టని చీక్ అనే ఆ పైలట్‌ని మళ్లీ విచారించారు, మళ్లీ దోషే అన్నారు.

అపోహ: ఈ ఉద్యమంలో చేరిన రైతులంతా పిచ్చివాళ్లు.

వాస్తవం: ఈ మాట నాకు బాధ కలిగిస్తుంది. 1970లలో ధాన్యానికి మంచి ధర ఉంది, భూమి విలువ పెరుగుతోంది. ఆ విలువ చూపించి రైతులు అప్పులు తెచ్చారు. 1979 నుంచి వడ్డీ చుక్కలనంటింది. 1980లో సోవియట్ యూనియన్‌కు ధాన్యం అమ్మకాలపై ఆంక్షలు వచ్చాయి. ఆ తర్వాత భూముల ధరలు పడిపోయాయి, తాతల నాటి పొలాలు వేలానికొచ్చాయి. అప్పుల రైతు గుమ్మంలోకి ‘పోసె కోమిటాటస్’ అనే ప్రభుత్వ వ్యతిరేక గుంపు వాళ్లు వెళ్లి, కౌంటీ షెరీఫ్‌ను (జిల్లా స్థాయి పోలీసు అధికారిని) మించిన అధికారి లేడని, కష్టాలన్నిటికీ యూదు బ్యాంకర్లే కారణమని నూరిపోశారు. బాధ నిజం, చూపించిన శత్రువు అబద్ధం.

నార్త్ డకోటా రైతు గోర్డన్ కాల్ రెండో ప్రపంచయుద్ధంలో పోరాడినవాడు. అప్పుల సంక్షోభానికి ముందే, 1967లోనే, పన్ను కట్టనని రాసిచ్చాడు. 1983 ఫిబ్రవరిలో మెడీనా ఊరి దగ్గర అతన్ని పట్టుకోవడానికి వెళ్లిన ఇద్దరు ఫెడరల్ మార్షల్స్ (కేంద్ర పోలీసు అధికారులు) కాల్పుల్లో చనిపోయారు. జూన్‌లో అర్కాన్సా రాష్ట్రంలో మళ్లీ జరిగిన కాల్పుల్లో ఒక షెరీఫ్, కాల్ కూడా పోయారు.

రైతుకు నిజంగా ఊపిరినిచ్చింది 1986లో వచ్చిన చాప్టర్ 12 దివాలా చట్టం. పొలం నిలుపుకుంటూ అప్పు వాయిదాల్లో తీర్చుకునే దారి అది.

అపోహ: ఇలాంటి గుంపులు తయారుచేసిన పత్రాలతో అప్పులు రద్దయ్యాయి.

వాస్తవం: మోంటానాలోని జోర్డన్ దగ్గర ‘ఫ్రీమెన్’ అనే ఇలాంటి గుంపువాళ్లు దొంగ చెక్కులు రాశారు, అధికారులు తమకు బాకీ ఉన్నట్టు పత్రాలు పుట్టించారు, ఆ విద్య ఊరూరి నుంచీ వచ్చినవాళ్లకు నేర్పారు. 1996లో ఎఫ్‌బీఐ వాళ్లను చుట్టుముట్టి 81 రోజులు ఓపిగ్గా కాపుకాసింది. ఫ్రీమెన్ కాల్పుల్లేకుండా లొంగిపోయారు, నాయకులు జైలుకెళ్లారు.

అపోహ: ఇది తెల్లవాళ్ల పల్లెల గొడవ.

వాస్తవం: ఇప్పుడు నగరాల్లో అమెరికా చట్టాలు తమకు వర్తించవనే నల్లజాతివారి ‘మూరిష్’ గుంపులూ ఇవే పత్రాలు వాడుతున్నాయి.

పన్ను కట్టే డబ్బు చేతిలో లేకపోయినా రిటర్ను మాత్రం గడువులోపల వేయండి. వేయకపోతే బాకీ మీద నెలకు 5 శాతం జరిమానా, వేసి కట్టలేకపోతే అర శాతం. వడ్డీ వేరే. ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) వాయిదాలిస్తుంది. నోటీసు వస్తే విప్పకుండా దాచొద్దు, ఆ కవరుతోనే నా దగ్గరికి రండి.