ఆఫీసులో ఉండగా రిక్రూటర్ ఫోన్ చేస్తే: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో, కంపెనీలకు ఉద్యోగులను వెతికిపెట్టే రిక్రూటర్‌గా పనిచేసే నేను రోజూ ఫోన్ చేసేవారిలో ఎక్కువమంది అప్పటికే ఎక్కడో ఒకచోట ఉద్యోగంలో ఉన్నవారే. రుషికొండ ఐటీ కార్యాలయాల నుంచి గాని, దువ్వాడ సెజ్ నుంచి గాని ఫోన్ ఎత్తినవారు నా పరిచయం పూర్తికాకముందే గొంతు తగ్గించి, అడిగినవాటికి గబగబా జవాబులు చెప్పి పెట్టేస్తారు. ఆ తొందర వల్ల వారికి జరిగే నష్టం నాకు స్పష్టంగా కనబడుతుంది.

అపోహ: మోగగానే ఎత్తి మాట్లాడకపోతే అవకాశం చేజారిపోతుంది.

వాస్తవం: మేం మొదట చేసే ఫోన్ అంటే ఇంటర్వ్యూ కాదు, ప్రాథమిక వివరాలు సరిచూసుకోవడం మాత్రమే. పరవాడ ఫార్మా సిటీలో ద్రావకాలు వాడే బ్లాకుల్లోకి ఫోన్లు తీసుకువెళ్లనివ్వరని, ఉదయపు ఎ షిఫ్టులో ఉన్న కెమిస్టు మధ్యాహ్నం రెండు దాటాక గాని మిస్డ్ కాల్ చూసుకోలేడని ఇక్కడి రిక్రూటర్లకు తెలుసు. కాబట్టి, "ఇప్పుడు డ్యూటీలో ఉన్నానండి. కంపెనీ పేరు, ఉద్యోగ వివరాలు వాట్సాప్‌లో పంపండి, సాయంత్రం ఏడింటికి నేనే చేస్తాను" అంటే సరిపోతుంది. అయితే చెప్పిన సమయానికి తప్పక ఫోన్ చేయాలి. మాట ఇచ్చి చేయనివారి పేరు మా జాబితాలో కిందికి వెళ్లిపోతుంది.

అపోహ: జీతం, నోటీస్ పీరియడ్ (రాజీనామా ఇచ్చాక ఇంకా పనిచేయవలసిన గడువు) ప్రస్తుతానికి ఉజ్జాయింపుగా చెప్పి, తర్వాత సరిదిద్దుకోవచ్చు.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధపెట్టే పొరపాటు ఇదే. మీరు మాట్లాడుతుండగానే మా ముందున్న ఎక్సెల్ షీట్‌లో మొత్తం అనుభవం, ప్రస్తుత సీటీసీ (ఉద్యోగి మీద కంపెనీకి ఏడాదికయ్యే మొత్తం ఖర్చు), ఆశించే సీటీసీ, నోటీస్ పీరియడ్, ఊరు మారడానికి సిద్ధమా అన్న గడులు వరుసగా నిండుతుంటాయి, తరచూ ఆ షీట్ అదే రోజు కంపెనీకి వెళ్లిపోతుంది. కారిడార్‌లో నిలబడి మాట్లాడే మనిషికి చటుక్కున గుర్తొచ్చేది నెలనెలా బ్యాంకులో పడే మొత్తమే. చేతికి నలభై వేలు వస్తున్నాయని అతను చెబితే, షీట్‌లో 4.8 లక్షలని పడుతుంది. మూలవేతనంపై 12 శాతం చొప్పున యాజమాన్యం కట్టే పీఎఫ్, 4.81 శాతంగా లెక్కగట్టే గ్రాట్యుటీ, అతని జీతంలోంచి కోత పడే సొంత పీఎఫ్ వాటా, పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ పే అన్నీ కలిపితే అసలు సీటీసీ ఆరు లక్షల దాకా ఉండవచ్చు. కొత్త కంపెనీ ఇవ్వదలచిన పెంపును ఆ తక్కువ అంకె మీదే లెక్క కడుతుంది. ఆఫర్ దశలో జీతం స్లిప్పులు తెచ్చి సరిచేయబోతే, ఉన్నదాన్ని పెంచి చెబుతున్నారన్న అనుమానం మొదలవుతుంది.

నోటీస్ పీరియడ్ విషయంలోనూ జరిగేది ఇదే. అపాయింట్‌మెంట్ లెటర్‌లో 90 రోజులని ఉండగా, ఫోన్ త్వరగా ముగించాలని "నెలలో వచ్చేస్తాను" అనేసిన వ్యక్తి, మిగిలిన రోజులకు డబ్బు కట్టి ముందే బయటపడే బైఅవుట్ కుదరక, పాత కంపెనీ ఇచ్చే రిలీవింగ్ లెటర్ లేకుండా వెళ్లలేక, రెండు కంపెనీల మధ్య నలిగిపోతాడు. పని గంటల్లో అంకెలు అడిగితే, లెటర్ చూసుకుని సాయంత్రం చెబుతానని నిస్సంకోచంగా అనండి, మంచి రిక్రూటరెవరూ దానికి నొచ్చుకోరు.

అపోహ: ఎవరు అడిగినా "సరే, నా రెజ్యూమె పంపండి" అంటే అవకాశాలు పెరుగుతాయి.

వాస్తవం: ఒకే ఉద్యోగానికి తరచూ ఇద్దరు ముగ్గురు కన్సల్టెంట్లు వెతుకుతుంటారు. పనిలో ఉండి ఇద్దరికీ సరే అంటే, ఒకే రెజ్యూమె రెండు దారుల్లో కంపెనీకి చేరుతుంది, ఎవరి ద్వారా వచ్చినట్టు లెక్క అన్న వివాదంలో పడటం ఇష్టంలేని కంపెనీలు కొన్ని ఆ పేరునే పక్కన పెట్టేస్తాయి. కంపెనీ పేరు చెప్పనివారికి రెజ్యూమె పంపే అనుమతి ఇవ్వకండి. మీ రెజ్యూమె మీ కంపెనీకే చేరే ప్రమాదం కూడా దీనితోనే తప్పుతుంది.

అపోహ: రిక్రూటర్ మా హెచ్ఆర్‌కు చెప్పేస్తారు.

వాస్తవం: మీరు కొత్త ఉద్యోగంలో చేరితేనే మా కన్సల్టెన్సీకి ఫీజు వస్తుంది. చాలాచోట్ల అది వార్షిక జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం, దాన్ని చెల్లించేది కొత్త యాజమాన్యం. మీ విషయం బయటపెడితే నష్టపోయేది మేమే. తరచూ గుట్టు బయటపడేది ఆఫీసు లాప్‌టాప్‌లో తెరిచిన రెజ్యూమె వల్ల, ఆఫీసు మెయిల్‌కు తెప్పించుకున్న ఇంటర్వ్యూ పిలుపు వల్ల, క్యాంటీన్‌లో పక్క టేబుల్‌కు వినబడిన మాటల వల్ల. నౌకరీ పోర్టల్‌లో ప్రస్తుత కంపెనీకి మీ ప్రొఫైల్ కనబడకుండా అడ్డుకునే వీలుంది, దాన్ని వాడుకోండి. ఇంకో మాట, మీ ప్రాజెక్టు క్లయింటు ఎవరు, ఆ క్లయింటు నుంచి మీ కంపెనీ వసూలు చేసే బిల్లింగ్ ఎంత అని ఎవరైనా తరచి అడిగితే చెప్పనవసరం లేదు. అవి మీ యాజమాన్యపు రహస్యాలు, ఉద్యోగం మారినా వాటిని కాపాడవలసిందే.

అపోహ: కంపెనీ పేరు చెప్పి, మర్యాదగా మాట్లాడితే నిజమైన రిక్రూటరే.

వాస్తవం: డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి యువకులను కంబోడియాకు తరలించి, అక్కడ వారితో బలవంతంగా సైబర్ మోసాలు చేయించిన ముఠాను 2024 మే నెలలో మన విశాఖ పోలీసులే బయటపెట్టారు. రిజిస్ట్రేషన్ అని, ట్రైనింగ్ డిపాజిట్ అని డబ్బు అడిగినా, ఓటీపీ చెప్పమన్నా అక్కడితో ఫోన్ పెట్టేయండి. విదేశీ ఉద్యోగమైతే, 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద ఆ ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోండి. డబ్బు ఇప్పటికే పంపి ఉంటే ఇంటికి వెళ్లేదాకా ఆగకుండా, ఆఫీసులో ఉన్నా సరే, వెంటనే బయటికి వచ్చి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. ఫిర్యాదు ఎంత త్వరగా అందితే, ఆ సొమ్మును బ్యాంకు ఖాతాల్లో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.